లెక్కకు రాని ఊక

మొదటి పేజీల నన్నే రాసుకున్న:
స్కూటీ, రోజుకు లీటరుకు కొంచెం తక్కువ.
ఊరి పొగ కొలిచే మనిషి
ఊర్ల పొగ కలపకుంట ఎట్ల తిరుగుతది?
పరంజ్యోతి సార్ నవ్విండు,
కొట్టెయ్యలేదు.

మున్సిపాలిటీ ఫారం పద్నాలుగు పేజీలు.
నెలకు సిలిండర్లెన్ని, మోటరు ఎన్ని గంటలు,
బండి ఏం తాగుతది,
చెత్త ఎక్కడ పోస్తరు, పోసినంక ఏమైతది.
మొదటి వారం జనం నన్ను
రేషన్ కార్డు తీసెయ్యనీకె వచ్చిందనుకున్నరు.
మూడు సిలిండర్లున్నోళ్లు ఒకటే చెప్పిన్రు.
కట్టెల పొయ్యి ఉన్నామె
గ్యాసే అని చెప్పి
దగ్గుకుంట తలుపేసుకున్నది.
రెండూ రాసిన, పెన్సిల్‌తోని.

మిర్యాలగూడల
పొద్దు పొడవకముందే ఉప్పుడు బియ్యం వాసన లేస్తది.
బాయిలర్ కాడ లింగస్వామి
పారతోని ఊక ఎత్తి మంటల పోస్తుండు.
కనుబొమ్మలు కాలి, మొలిచి, మళ్ల కాలినయి.
"రోజుకు టన్నులెన్ని?" అంటె
"పారలల్ల అడుగు, చెప్త" అన్నడు.
ఒక పార తూకమేసినం.
గంటకెన్ని పారలో నిలబడి లెక్కవెట్టినం.
చెమటకు కాలమ్ లేదు.

సాయంత్రం సార్ అన్నడు:
ఊక పొగకు సున్న వెయ్యి.
వరి పెరిగేటప్పుడు గాలి కాడ తెచ్చుకున్న అప్పు
కాలినప్పుడు తిరిగిచ్చింది, చెల్లుకు చెల్లు.
మీథేన్ పిసరంత ఉంటది, అది వేరే రాయి.
సున్న వేసిన. గుండ్రంగ, మంచిగొచ్చింది.

తెల్లారి సైదమ్మ నన్ను దాబా ఎక్కించింది.
ఆరేసిన దుప్పటి మీద నల్లటి నలుసులు,
వేలు పెడితె గీత పడ్డది.
"ఇది సున్ననా బిడ్డా?
సున్నయితె నా మనుమడి కంట్లె పడ్డదేంది?
సున్నను తుడిస్తె కొంగెందుకు నల్లగైతది?"
అది భూమి కాక లెక్క, నీది కంటి నలుసు లెక్క,
రెండు వేరే పద్దులు అని చెప్పబోయిన.
నోట్లె బూడిద పడ్డది. ఊరుకున్న.

కరెంటుదింకో తిరకాసు.
స్విచ్చు మా ఇంట్ల, పొగగొట్టం ఏడనో నది ఒడ్డున.
మా ఫ్యాన్ తిరిగితె
ఎవరి దాబా మీదనో దుప్పటి మాస్తది.
మ్యాపు మీద ఊరి సరిహద్దు ఎర్రగీత గీసినం గని
గాలికి చదువు రాదు.

చెత్త గుట్ట కాడ ఈదమ్మ ప్లాస్టిక్ ఏరుకుంట చెప్పింది:
ఎండకాలం ఎవరూ అంటువెట్టకున్నా అంటుకుంటది,
లోపలి కుళ్లు ఊపిరి తీస్తది గద.
తడి చెత్త వేరే తెచ్చియ్యమను, గుట్ట చల్లవడ్తది.
సార్ దీనికే ఇంగ్లీషుల
రెండు లైన్ల పేరు చెప్పిండు.
ఈదమ్మ పేరు రాసుకునే గడి ఫారంల లేదు.

నాలుగు నెలలకు రంగులేసిన మ్యాపు గోడకెక్కింది.
నేను మిల్లుల దిక్కు చూసిన.
ముదురు ఎరుపు అక్కడ లేదు,
సాగర్ రోడ్డు మీదున్నది.
వరి మళ్లు చదును చేసి ప్లాట్లు గీసిన కొత్త వెంచర్.
బడి నాలుగు కిలోమీటర్లు, కూరగాయలు ఐదు,
బస్సు అసలే లేదు.
ఉప్పు ప్యాకెట్‌కు బండి తీసుడే,
పిల్లకు టిఫిన్ డబ్బా మరిస్తె మళ్ల బండి తీసుడే.
పొగగొట్టం అందరికీ కనబడ్తది, వేలు చూపిస్తరు.
దూరానికి పొగగొట్టం ఉండదు.

"ఇంత తిరిగి ఏం తేల్చినవమ్మా?" అన్నరు మీటింగుల.
తర్వాతి వెంచర్‌కు పర్మిషన్ ఇచ్చేముందు
బడి ఎక్కడో అడుగున్రి అన్న.
ఎవరో చాయ్ తెమ్మన్నరు.
ఒక్క ఇంజనీరు మాత్రం
నోటుబుక్కుల ఏదో రాసుకున్నడు,
బడనో, బస్సనో, చాయ్ లెక్కనో.

రిపోర్టు ఇచ్చేముందు
పదిహేనో పేజీ ఒకటి చేతితోని కలిపిన:
సైదమ్మ దాబా. ఊకబూడిద.
ఊడ్చుడు, రోజుకు రెండు సార్లు.
కొలమానం అన్న కాడ
కాసేపు పెన్ను ఆగింది.
కొంగు అని రాసిన.

సార్ ఇంక చూడలేదు.